ఒకే తల్లి క్రియలు, రెండు కాపురాలు

వేసవిలో శనివారం పూట డెన్మార్క్‌లో ఇళ్లున్న ఏ వీధిలో నడిచినా గడ్డి కోసే యంత్రాల మోత వినిపిస్తుంది. ఆ పనికి డేనిష్ భాషలో వాడే క్రియ ‘స్లో’. ఇంగ్లీషులో దాని తోబుట్టువు ‘స్లే’. ఇంగ్లీషు మాట వినగానే కత్తి, నెత్తురు, నేలకొరిగిన రాక్షసుడు కళ్ల ముందు మెదులుతాయి. డేనిష్ మాట వింటే పెరట్లో పచ్చిక మెదులుతుంది. రెండింటికీ మూలమైన పాత మాటకు అర్థం కొట్టడం, అంతే. ఇంగ్లీషు ఆ దెబ్బను ప్రాణం తీసేదాకా తీసుకుపోయి అక్కడే ఆగిపోయింది. డేనిష్ దాన్ని కొట్టడంగానే ఉంచుకుంది. గడియారం గంట కొట్టినా ‘స్లో’, గుండె కొట్టుకున్నా ‘స్లో’, నిఘంటువు తెరిచి మాట వెతికినా ‘స్లో ఒప్’. మనిషిని చంపడం అని చెప్పాలంటే మాత్రం ఒక్క ‘స్లో’ చాలదు, పక్కన ‘ఇయెల్’ చేర్చాలి. ఉత్తర యూరప్ పురాణాల్లో చనిపోయినవాళ్లు చేరే లోకం పేరు ‘హెల్’. ఆ లోకానికి చేరేట్టు కొట్టడం అన్నమాట.

తెలుగు చెవికి ఇందులో వింతేమీ లేదు. మనకూ గడియారం గంట కొడుతుంది, గుండె కొట్టుకుంటుంది, చెట్టు కొడతారు, టైపు కొడతారు. ప్రాణం పోయిందని తెలియాలంటే ‘కొట్టి చంపాడు’ అని రెండో క్రియ తోడు తెచ్చుకోవాలి. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఈ డేనిష్ క్రియ ఊరు చుట్టి వస్తే గానీ దొరకదు. తెలుగులోంచి నేరుగా వెళ్తే గుమ్మం ఎదురుగానే ఉంది. మన దగ్గర ఏ యూరప్ భాష నేర్చుకున్నా ఇంగ్లీషునే నిచ్చెనగా వేసుకునే అలవాటు ఉంది కాబట్టి ఈ సంగతి కాస్త పట్టించుకోదగ్గది. అన్ని క్రియల దగ్గరా తెలుగు ఆదుకుంటుందని కాదు. కొన్నిచోట్ల మూడు భాషలూ మూడు దారులు పడతాయి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. డేనిష్ పలుకుబడి రాతకు కట్టుబడి ఉండదు. ‘టాగె’ అని రాసి ‘టే’ అంటారు, ‘గీవె’ అని రాసి ‘గీ’తో సరిపెడతారు. సగం హల్లులు గొంతులోనే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలను వాళ్లు పలికినట్టు కాకుండా రాసినదానికి దగ్గరగా తెలుగు లిపిలోకి దించడం జరిగింది.

అరుదైన మాటలు అనువాదానికి సులువుగానే లొంగుతాయి. నాగలికి, మూత్రపిండానికి, సూర్యగ్రహణానికి ఏ భాషలోనైనా ఒకదానికి ఒకటి చొప్పున మాట దొరుకుతుంది. లొంగనివి పొద్దున లేచింది మొదలు నోట్లో నానే క్రియలే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కోసం పనిచేసిన వాళ్లు ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్కగట్టారు. అలాంటి క్రియలు ఇద్దరు అన్నదమ్ముల దగ్గర వెయ్యేళ్లు వేర్వేరుగా పెరిగితే ఏమవుతుందో చూడటానికి ఇంగ్లీషు, డేనిష్‌లను మించిన జంట లేదు. ఎందుకంటే ఈ ఇద్దరూ విడిపోయాక ఒకసారి మళ్లీ ఒకే ఇంట్లో కాపురం చేశారు.

793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో ఇంగ్లండు తీరానికి డెన్మార్క్, నార్వేల నుంచి ఓడల్లో వచ్చే వైకింగుల బెడద మొదలైంది. 865లో వచ్చిన పెద్ద సైన్యం దోచుకుని వెళ్లిపోలేదు, ఉత్తర, తూర్పు ఇంగ్లండులో భూములు పంచుకుని స్థిరపడింది. 1016లో డేనుల (డెన్మార్క్ జనం) నాయకుడు క్నూత్ ఏకంగా ఇంగ్లండుకు రాజయ్యాడు. 1035లో చనిపోయేదాకా ఏలాడు. ఆ కాలపు నార్స్ (వైకింగుల భాష, నేటి డేనిష్‌కు తల్లి), పాత ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కొంచెం కష్టపడితే ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేంత దగ్గరగా ఉండేవారు. పక్కపక్క పొలాలు, సంతలు, వియ్యాలు. అలా కలిసి బతికినప్పుడే సాధారణంగా ఏ భాషా అరువు తెచ్చుకోని మాటలు, అంటే రోజువారీ క్రియలు, చేతులు మారాయి. ఇంగ్లీషు ‘టేక్’ అలా వచ్చిందే. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు తీసుకోవడానికి ‘నిమాన్’ అనేవారు. ఆ మాట పోయింది. దాని గుర్తుగా తిమ్మిరెక్కడానికి వాడే ‘నమ్’ మిగిలింది. స్పర్శను ఎవరో తీసుకుపోయారన్నది దాని లోపలి అర్థం. ఇవ్వడానికి వాడే ‘గివ్’ కథ కొంచెం వేరు. మాట ఇంగ్లీషుదే, మొదటి హల్లు వైకింగులది. వాళ్లు రాకపోతే ఇవాళ ఇంగ్లీషువాళ్లు ‘యివ్’ అనేవారు.

స్వీడన్‌లోని ఉప్‌లాండ్ ప్రాంతంలో, ఒర్కెస్టా చర్చి దగ్గర, పదకొండో శతాబ్దపు శిలాశాసనం ఒకటి ఉంది. ఉల్ఫ్ అనే యోధుడు ఇంగ్లండులో మూడు కప్పాలు తీసుకున్నాడని, మొదటిది తోస్తి అనే నాయకుడు చెల్లించాడని, తర్వాత థోర్కెతిల్ చెల్లించాడని, ఆ తర్వాత క్నూత్ చెల్లించాడని దాని మీద రూనిక్ అనే పాత ఉత్తర యూరప్ లిపిలో చెక్కారు. తీసుకోవడానికి అక్కడున్న క్రియ ఈనాటి ‘టేక్’, ‘టాగె’లకు పూర్వీకురాలే. ఒక సైనికుడు తన జీవితకాలపు సంపాదనను రాతి మీద లెక్కరాసుకుంటే, అందులోని క్రియ ఇంగ్లండులోనే ఉండిపోయి అక్కడి పసిపిల్లల నోటికెక్కింది.

అదే రాతి మీద ఉన్న రెండో క్రియ ఇంకా రుచికరమైనది. చెల్లించడానికి వాడిన ఆ మాట ఇంగ్లీషులో ‘యీల్డ్’ అయింది. చెల్లించడం నుంచి అప్పగించడం, అక్కడి నుంచి లొంగిపోవడం, మరో పక్క పొలం అప్పగించేది కాబట్టి దిగుబడి. డేనిష్‌లో అదే ‘గెల్లె’గా మారి, వర్తించడం, చెల్లుబాటు కావడం అనే అర్థంలో స్థిరపడింది. ఈ టికెట్టు రేపటిదాకా ‘గెల్లె’ అవుతుంది, ఈ నిబంధన అందరికీ ‘గెల్లె’ అవుతుంది అంటారు. దాని పక్కనే ‘గెల్’ అంటే అప్పు. చెల్లించడానికీ చెల్లుబాటుకూ సంబంధమేమిటని ఇంగ్లీషులో ఆలోచించేవాడు తల గోక్కోవాలి. తెలుగులో ఆలోచించేవాడికి జవాబు ప్రశ్నలోనే ఉంది. అప్పు చెల్లించాడు, పాత నోటు చెల్లదు. మాట ఒకటే.

కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో 1893 నుంచి 1925 దాకా ఇంగ్లీషు ఆచార్యుడిగా ఉన్న డేనిష్ పండితుడు ఓటో యెస్పర్సెన్ ఈ అరువు గురించి చమత్కారంగా ఒక మాట అన్నాడు. ఇంగ్లీషువాడు వర్ధిల్లాలన్నా, జబ్బు పడాలన్నా, చనిపోవాలన్నా నార్స్ మాటలు లేకుండా కుదరదని ఆయన లెక్క. డేనుడి ముఖంలో కాస్త మీసం మెలేసిన ఛాయ కనిపిస్తుంది గానీ లెక్క తప్పు కాదు.

చావు సంగతే తీసుకుంటే, పాత ఇంగ్లీషులో చనిపోవడానికి ముఖ్యంగా రెండు క్రియలు ఉండేవి, ‘స్టెయోర్ఫాన్’, ‘స్వెల్టాన్’. నార్స్ నుంచి ‘డై’ వచ్చి ఆ స్థానంలో కూర్చుంది (డేనిష్‌లో ఇప్పటికీ ‘డ్యో’). చోటు పోయిన పాత రెండూ ఏమయ్యాయన్నది అసలు కథ. మొదటిది ‘స్టార్వ్’ అయింది, అంటే తిండి లేక మాడిపోవడం. రెండోదాని వారసుడు ‘స్వెల్టర్’, అంటే ఉక్కపోతతో ఉడికిపోవడం. అదే రెండోదాని చుట్టం డేనిష్‌లో ‘సుల్టె’గా ఉంది, దానికి అర్థం ఆకలితో ఉండటం. చావు అనే మాట తన పదును పోగొట్టుకుని ఒకచోట ఆకలిగా, ఇంకోచోట ఉక్కగా మిగిలింది. ఇది ఎలా జరిగిందో పాత గ్రంథాలు తిరగేసి వెతకనక్కరలేదు. మే నెలలో కరెంటు పోయిన ఏ తెలుగు ఇంట్లోనైనా ‘ఉక్కతో చస్తున్నాం’ అన్న మాట, బడి నుంచి వచ్చిన పిల్లవాడి నోట ‘ఆకలితో చచ్చిపోతున్నా’ అన్న మాట వినిపిస్తూనే ఉంటాయి. అతిశయోక్తి పదే పదే వాడితే అదే అసలు అర్థమై కూర్చుంటుంది.

డి, ఐ, ఇ అన్న మూడక్షరాలు డేనిష్‌లో కూడా ఒక క్రియే. పలికేది ‘డీఎ’ అని. అర్థం మాత్రం చావు కాదు, చంటిబిడ్డ తల్లి పాలు తాగడం. మన ‘ధేనువు’లో ఉన్న సంస్కృత ధాతువుకు అది చుట్టం. ఇంగ్లీషులో ఆఖరి పని, డేనిష్‌లో తొలి పని. ఎల్, ఓ, వి, ఇ అని రాసే ‘లోవె’ క్రియకు డేనిష్‌లో ప్రేమతో పని లేదు, అది మాట ఇవ్వడం. ప్రేమించడానికి ‘ఎల్స్కె’ అని వేరే క్రియ ఉంది. ‘స్నాక్కె’ అంటే కబుర్లు చెప్పుకోవడం, చిరుతిండి కాదు. ‘గ్రీనె’ అంటే పళ్లు ఇకిలించడం కాదు, హాయిగా నవ్వడం. ఇలాంటివి పరీక్ష పేపర్లకు బాగుంటాయి. ఒకసారి తెలుసుకుంటే మళ్లీ పొరబడే ప్రమాదం లేదు కాబట్టి వాటిని దాటి వెళ్లిపోవచ్చు.

పొరబడటానికి అసలు చోటు అర్థాలు సగం కలిసి సగం విడిపోయే దగ్గర ఉంది. ఇంగ్లీషు ‘గెట్’ అలాంటిదే. నార్స్ ‘గెటా’కు దొరకడం, సంపాదించడం, చేయగలగడం అని ఎన్నో అర్థాలు ఉండేవి. ఇంగ్లీషు దాన్ని తెచ్చుకుని అడ్డూ ఆపూ లేకుండా వాడింది. ఉత్తరం అందినా, జబ్బు చేసినా, బస్సు దిగినా, విషయం అర్థమైనా, పెళ్లి అయినా అదే. డేనిష్‌లో ఆ పని చాలావరకు ‘ఫో’ అనే మరో క్రియ చేస్తుంది. మరి సొంత ఊళ్లో ‘గెటా’ ఏమైంది? ‘గీదె’ అయింది. దానికి ఇంగ్లీషులో ఒక్క మాటలో సమానార్థకం లేదు. డెన్మార్క్‌లో పిల్లలకు బహుశా అన్నిటికంటే ఇష్టమైన క్రియ అదే, అదీ వ్యతిరేకార్థంలో. ‘యై గీదర్ ఇక్కె’ అంటే చేతకాక కాదు, తీరిక లేక కాదు, చేయాలని లోపల్నుంచి రావడం లేదు అని. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు దీన్ని వివరించడానికి రెండు మూడు వాక్యాలు ఖర్చుపెడతాయి. తెలుగులో ‘చేయబుద్ధి కావడం లేదు’ అంటే సరిపోతుంది, ఒక్క పొల్లు కూడా మిగలదు. దీని పక్కన ‘ఓర్కె’ అని ఇంకొకటి ఉంది. అది లేకపోవడమంటే ఒంట్లో సత్తువ లేకపోవడం. అంటే మన ‘ఓపిక లేదు’. లేవబుద్ధి కాకపోవడం వేరు, లేచే ఓపిక లేకపోవడం వేరని తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, కిటికీ కాస్త మూస్తారా అని మర్యాదగా అడగాలన్నా డేనులు ‘గీదె’తోనే అడుగుతారు. మీకు బుద్ధి పుడితే మూయండి అన్నట్టు.

‘నో’ అనే క్రియ కూడా ఇదే బాపతు. స్టేషన్‌కు పరుగెత్తుకెళ్లేసరికి రైలు కదిలిపోతే డేనుడు దాన్ని ‘నో’ కాలేదంటాడు. ఇంగ్లీషులో రైలును పట్టుకోవాలి, లేదా తప్పించుకోవాలి. తెలుగులో రైలు అందలేదు. పై అరలో డబ్బా చేతికి అందకపోవడానికీ ఇదే క్రియ వాడే వీలు రెండు భాషల్లోనూ ఉంది. కానీ డేనిష్ ఇంకో అడుగు ముందుకేసి, పొద్దున తినడానికి వీలు చిక్కలేదు అనడానికి కూడా దీన్నే వాడుతుంది. అక్కడ తెలుగు చేయి వదిలేస్తుంది.

తెలియడం దగ్గరికొస్తే ఇంగ్లీషు మరీ పిసినారి. ‘నో’ అన్న ఒక్క మాటతో (ఇది కె అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు ‘నో’, పైన చెప్పిన డేనిష్‌ది కాదు) మనిషి తెలుసు, విషయం తెలుసు, భాష తెలుసు అన్నీ కానిచ్చేస్తుంది. డేనిష్‌లో విషయం తెలియడం ‘వీదె’. మనిషితో, ఊరితో పరిచయం ఉండటం ‘కెన్దె’. భాష, ఈత, పద్యం లాంటివి వచ్చి ఉండటం ‘కున్నె’. ‘యై కాన్ డాన్స్క్’ అంటే ‘నాకు డేనిష్ వచ్చు’. మాట్లాడటం అనే క్రియ అక్కడ అక్కర్లేదు, మనకూ అక్కర్లేదు. ఇంగ్లీషు ‘కాన్’ ఒకప్పుడు ఇదే పని చేసేది, తెలియడం దాని మొదటి అర్థం. ఇప్పుడు ఇంకో క్రియ తోడు లేకుండా నిలబడలేదు. ఈ మూడు డేనిష్ క్రియల వెనుక ఉన్నవి రెండే ధాతువులు, రెండూ సంస్కృతం ద్వారా మన ఇళ్లలోకి వచ్చినవే. ‘వీదె’ పక్కన విద్య, వేదం ఉన్నాయి. ‘కెన్దె’, ‘కున్నె’, ఇంగ్లీషు ‘నో’ల పక్కన జ్ఞానం ఉంది. తెలుగు ద్రావిడ భాషే గానీ అరువు తెచ్చుకున్న సంస్కృత పదాల పుణ్యమా అని ఈ చుట్టాలను గుర్తుపట్టే అవకాశం మనకు ఉంది. విద్య ఉండి జ్ఞానం లేదని ఎవరినైనా అన్నప్పుడు, తెలియకుండానే డేనులు చేసే విభజనకు దగ్గర్లోకి వెళ్తున్నాం.

అలాంటిదే ఇంకొకటి. తినడానికి ఇంగ్లీషు ‘ఈట్’, డేనిష్ ‘ఏదె’, సంస్కృతం ‘అద్’ ఒకే మూలానివి. ఆ ‘అద్’ నుంచే ‘అన్నం’ పుట్టింది. ఇంగ్లీషులో ఆ మాటకు పరువూ లేదు, పరువు తక్కువా లేదు. డేనిష్‌లో మాత్రం ‘ఏదె’ పశువులు చేసే పని, మనిషికి వాడితే మెక్కడం. మనుషులు తినడానికి ఉత్తర జర్మనీ నుంచి ‘స్పీసె’ అనే మర్యాదైన మాట తెచ్చుకున్నారు. దాని వెనుక లాటిన్‌లో ఖర్చుపెట్టడానికి ఉన్న మాట ఉంది, ఇంగ్లీషు ‘స్పెండ్’ వచ్చింది కూడా అక్కడి నుంచే. మనం చేతులు జోడించే అన్నం, వాళ్ల దొడ్డిలో దాణా తినే క్రియ, ఒకే ఇంటి ఆడపడుచులు.

అనుకోవడం గురించి కొంచెం ఆగి చూడాలి. డేనిష్ నేర్చుకునేవాళ్లు ఏళ్లు గడిచినా తడబడేది ఇక్కడే. ఇంగ్లీషు ‘థింక్’ చేసే పనిని డేనిష్‌లో నాలుగు క్రియలు పంచుకుంటాయి: టెంకె, ట్రో, స్యూనెస్, మేనె. బుర్రకు పని చెప్పడం ‘టెంకె’. ఖాయంగా తెలియకపోయినా అయి ఉంటుందని అనుకోవడం ‘ట్రో’. చూసి, చవిచూసి, అనుభవించి కలిగిన అభిప్రాయం ‘స్యూనెస్’. ఆలోచించి ఒక పక్షాన నిలబడి చెప్పేది ‘మేనె’. ఒక సినిమా గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నారనుకుందాం. బాగుందని ‘స్యూనెస్’ చేసినవాడు సినిమా చూసొచ్చాడు. బాగుందని ‘ట్రో’ చేసినవాడు ఇంకా చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. ఇంగ్లీషులో ఇద్దరి వాక్యమూ ఒకటే, చూశాడో లేదో మళ్లీ అడగాలి. తెలుగులో అడగనక్కరలేదు. ‘బాగుందనిపించింది’ అన్నవాడు చూశాడు, ‘బాగుంటుందనుకుంటున్నా’ అన్నవాడు చూడలేదు. ఆయన ఇంట్లో ఉన్నాడని ‘స్యూనెస్’ అంటే డేనులు నవ్వుతారు. ఇంట్లో ఉండటం, లేకపోవడం ఒకరి రుచిని బట్టి ఉండదు కదా.

‘స్యూనెస్’ పుట్టింది చూపు అన్న మాట నుంచి. మొదట్లో దాని వాడుక ‘నాకు కనబడుతోంది’ అన్న తీరులో ఉండేది, మనిషి కర్త కాడు, నాలుగో విభక్తిలో పక్కన నిలబడేవాడు. ఇంగ్లీషుకూ ఒకప్పుడు అలాంటిదే ఉండేది. పాత ఇంగ్లీషులో ఆలోచించడానికి ఒక క్రియ, అనిపించడానికి దానిని పోలిన ఇంకో క్రియ వేర్వేరుగా ఉండేవి. కాలక్రమంలో రెండింటి ఉచ్చారణ కలిసిపోయి ఒకటే మిగిలింది. పాత సాహిత్యంలో కనబడే ‘మీథింక్స్’ అనే మాట ఆ రెండోదాని అవశేషం. నేను ఆలోచిస్తున్నానని కాదు దాని అర్థం, నాకు అనిపిస్తోందని. ‘నాకు’ అని మొదలుపెట్టే ఆ వాక్యం ఇంగ్లీషులో చచ్చిపోయింది, డేనిష్‌లో రూపు మార్చుకుంది, తెలుగులో మాత్రం రోజుకు వందసార్లు వినబడుతుంది. ఈ మధ్య ఇంగ్లీషు ప్రభావంతో డేనులు కూడా నాలుగింటి పనీ ‘టెంకె’ నెత్తిన వేయడం కనబడుతోంది. భాషాభిమానులు దాని మీద గొణుక్కోవడమూ ఉంది. ఈ విషయంలో గొణుగుడు న్యాయమైనదే. నాలుగు పనిముట్లున్న పెట్టెలో మూడింటిని తుప్పు పట్టనివ్వడం ఎందుకు?

ఇక డేనిష్ పిసినారితనం చూపే చోట్లు. నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఒకటే ‘లేరె’. డేనిష్ లేరె అంటే నేర్చుకుంటున్నాడు, నీకు డేనిష్ లేరె అంటే నేర్పుతున్నాడు. ఇంగ్లీషు ‘లెర్న్’ కూడా శతాబ్దాల పాటు రెండు పనులూ చేసింది, తర్వాత బడిపంతుళ్లు నేర్పడాన్ని మొరటు వాడుకగా తరిమేశారు. తెలుగు ‘నేర్చు’, ‘నేర్పు’ అని ఒక్క హల్లు తేడాతో ఈ పేచీ తీర్చేసింది. ‘లోనె’ కూడా అంతే, అరువు ఇచ్చినా తెచ్చుకున్నా అదే. అందుకే ఇంగ్లీషు మాట్లాడే డేనులు ఇచ్చేవాడిని తెచ్చుకునేవాడిగా మార్చేస్తుంటారు. అప్పు విషయంలో ఎవరు ఎవరికి బాకీ అన్నది చిన్న తేడా కాదు!

అన్నిటికంటే వింత ‘బ్లీవె’. ‘హున్ బ్లేవ్ లేయె’ అంటే ఆమె డాక్టర్ అయింది. ‘హున్ బ్లేవ్ యెమ్మె’ అంటే ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. మారడానికీ మారకుండా ఉండటానికీ ఒకే క్రియ. ఇల్లు కట్టబడింది అన్న కర్మణి వాక్యం కావాలన్నా అదే. ఇది డేనుల సొంత సొత్తు కాదు. మధ్యయుగాల్లో ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరం కేంద్రంగా హన్సా అనే కూటమి వర్తకులు బాల్టిక్ తీరమంతా వ్యాపారం చేసినప్పుడు వాళ్ల దిగువ జర్మన్ భాష నుంచి వచ్చి పడింది. అలా వచ్చినవాటిలో చెల్లించడం, వాడటం, మొదలుపెట్టడం లాంటి క్రియలు కూడా ఉన్నాయి. వర్తకులు ఏ పనుల మీద వచ్చారో వాటిని బట్టే తెలుస్తుంది. ‘బ్లీవె’ అసలు అర్థం మిగిలి ఉండటమే. బతకడానికి వాడే ఇంగ్లీషు ‘లివ్’, డేనిష్ ‘లేవె’, వదిలి వెళ్లడానికి వాడే ఇంగ్లీషు ‘లీవ్’ కూడా దాని చుట్టాలే. అన్నిటి అడుగునా ఉన్నది అంటుకుని ఉండటం అనే ధాతువు, మన ‘లేపనం’లో ఉన్నదే. మిగిలి ఉండటం మారిపోవడంగా ఎలా మారిందో ఊహించడానికి మన ‘పోవు’ ఉపయోగపడుతుంది. ‘ఊరికి పెద్దదిక్కుగా మిగిలిపోయాడు’ అన్న వాక్యంలో ఆయన అంతకుముందు నుంచీ పెద్దదిక్కేనా, ఆ తర్వాత అయ్యాడా? రెండు రకాలుగానూ చదవొచ్చు. ఆ సందులోంచే ‘బ్లీవె’ అవతలికి జారింది.

ఉండటం అన్న పనిలో తెలుగూ ఇంగ్లీషూ ఒక జట్టు, డేనిష్ ఒక్కటే అవతల. బల్ల మీద పుస్తకం ఉంది, అరలో పుస్తకం ఉంది, తాళంలో చెవి ఉంది అని మనం ఒకే ‘ఉంది’తో గడిపేస్తాం. డేనిష్‌లో బల్ల మీద పుస్తకం పడుకుంటుంది, అరలో నిలబడుతుంది, తాళంలో చెవి కూర్చుంటుంది. పళ్లేనికి అడుగు ఉంటుంది కాబట్టి అది బల్ల మీద నిలబడే వస్తువు. చొక్కాకు గుండీ కూర్చుని ఉంటుంది. కోపెన్‌హాగెన్ నగరం షెలాండ్ దీవి మీద పడుకుని ఉంటుంది. పత్రికలో వార్త నిలబడి ఉంటుంది, మనకు మాత్రం అది పడుతుంది. వస్తువును చూడగానే దాని భంగిమ ఏమిటో తేల్చుకుంటే గానీ డేనుడు నోరు విప్పలేడు. పెట్టడం కూడా అంతే. పడుకోబెట్టేదానికి, కూర్చోబెట్టేదానికి, నిలబెట్టేదానికి వేర్వేరు క్రియలు ఉన్నాయి. ఇంగ్లీషు అన్నిటికీ ‘పుట్’ అంటుంది. తెలుగుకు ఈ మూడు మాటలూ ఉన్నా అవి మనుషులకూ బొమ్మలకే, పుస్తకానికి వట్టి ‘పెట్టు’ చాలు. డేనిష్‌కు కూడా ‘పుట్టె’ అనే క్రియ ఉంది. దాని ముద్దైన వాడుక పిల్లలను పక్క మీద పడుకోబెట్టి దుప్పటి కప్పడం.

నివసించడానికి ‘బో’, ప్రాణంతో ఉండటానికి ‘లేవె’. ఇంగ్లీషు రెండింటికీ ‘లివ్’ అంటుంది. అయితే ‘బో’ తాలూకు జాడలు ఉత్తర, తూర్పు ఇంగ్లండులో చెల్లాచెదరై ఉన్నాయి. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ ఊళ్ల చివర ఉన్న ‘బీ’ దానికి సంబంధించినదే, జనం నివసించే చోటు అని. ‘హస్బెండ్’ అంటే మొదట ఇంట్లో నివసించే యజమాని. మన అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో గొంతులు చించుకునే ‘బైలా’ కూడా వైకింగుల ఊరి కట్టుబాటే. సంస్కృతంలో అదే మూలం నుంచి వచ్చింది భవనం.

వెళ్లడం దగ్గర లిపి కూడా మోసం చేస్తుంది. ఇంగ్లీషు మాటా, డేనిష్ మాటా తెలుగులో రాస్తే రెండూ ‘గో’లే. ఇంగ్లీషువాడు విమానంలో కూడా గో అంటాడు. డేనుడు గో అన్నాడంటే మామూలుగా కాళ్లతో నడిచే వెళ్తాడు. దూరం వెళ్లాలంటే వాహనాన్ని బట్టి ఇంకో క్రియ, లేదంటే మన పాత స్నేహితుడు ‘టాగె’. ఆర్‌హుస్‌కు (డెన్మార్క్‌లో ఒక నగరం) తీసుకుంటున్నాను అంటే ఆర్‌హుస్‌కు వెళ్తున్నానని. అసలు క్రియే లేకుండా ‘స్కల్’ అనే సహాయక క్రియతో రేపు కోపెన్‌హాగెన్‌కు అని తేల్చేయడమూ ఉంది. ఆ ‘స్కల్’, ఇంగ్లీషు ‘షల్’ ఒకటే, వాటి మూలార్థం బాకీపడి ఉండటం. డేనిష్‌లో ఆ బాకీ వాసన ఇంకా పోలేదు. వెళ్లాలి, పని ఉంది, మాట ఇచ్చాను అన్న బరువు అందులో వినబడుతుంది. ఇంగ్లీషులో అది కోర్టు కాగితాలకు పరిమితమైంది.

కావాలనడానికి డేనులు ‘విల్’ అంటారు. ఇంగ్లీషు ‘విల్’ కూడా ఒకప్పుడు అదే, భవిష్యత్తు చెప్పే పనికి కుదిరాక కోరిక దాదాపు ఆవిరైంది. ఆ ఖాళీలోకి నార్స్ నుంచి ‘వాంట్’ వచ్చింది. తెచ్చుకున్నప్పుడు దాని అర్థం లేకపోవడం, కొరత. కొరత నుంచి అవసరం, అవసరం నుంచి కోరిక. ఐస్‌లాండ్ భాషలో అది ఇప్పటికీ కొరత దగ్గరే ఉంది.

చివరిగా ‘కొమ్మె’. ఇంగ్లీషు ‘కమ్’, మన ‘గమనం’ దీని చుట్టాలు, ఇక్కడిదాకా ఆశ్చర్యమేమీ లేదు. కానీ డేనిష్ వంటింట్లో కూరలోకి ఉప్పు వేయడాన్ని కూడా ‘కొమ్మె’ అంటారు, ఉప్పును రప్పించినట్టు. దానికి ‘టిల్’ చేర్చి ఇంకో క్రియ తగిలిస్తే, అనుకోకుండా జరిగిపోయిన పని అవుతుంది. విందులో మోచేయి తగిలి గ్లాసు కింద పడింది. ఇంగ్లీషువాడు పగలగొట్టానని ఒప్పుకుని, పొరపాటున అని ఒక మాట విడిగా చేర్చుకోవాలి. డేనుడి వాక్యంలో సంజాయిషీ క్రియలోనే ఉంది. తాను పగలగొట్టే చోటికి ‘వచ్చాడు’, అంతే. తెలుగు ఇంకా గడుసుది. ‘గ్లాసు పగిలిపోయింది’ అనేసి మనిషినే వాక్యంలోంచి తప్పించేస్తుంది.

ఊరు విడిచి వెళ్తున్న స్నేహితుడితో నువ్వు లేని లోటు తెలుస్తుందని చెప్పాలన్నా డేనులకు ఇదే ‘కొమ్మె టిల్’ కావాలి. గ్లాసు పగిలినప్పుడు వాడిన మాటే. అలాంటప్పుడు మనం ‘గుర్తుకొస్తుంటావు’ అంటాం.